భద్రతా వ్యవస్థ కాంట్రాక్టు కార్మికుడి దగ్గర మొదలవ్వాలి

ఒడిశాలోని రాయగడ చుట్టుపక్కల పరిశ్రమల్లో మెయింటెనెన్స్ పనులు చూసుకునే వ్యక్తిగా ఈ విషయం రాయక తప్పడం లేదు. కంపెనీలో సేఫ్టీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ పెట్టాలని యాజమాన్యం నిర్ణయించగానే ముందు కన్సల్టెంటు వస్తాడు, ఆ వెనుక లావుపాటి మాన్యువల్ వస్తుంది, పనిచోట భద్రతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 45001 ఆడిట్‌కు సరిపడా ఫైళ్లు సిద్ధమవుతాయి. 2018లో వెలువడిన ఆ ప్రమాణాన్ని నేను తప్పుపట్టను. కార్మికులను సంప్రదించాలని, వారికి భాగస్వామ్యం కల్పించాలని అందులోనే ఉంది. మన దగ్గర అందరూ దాటవేసేది సరిగ్గా ఆ భాగాన్నే.

కన్వేయర్ బెల్టు చివరి పుల్లీ దగ్గర ఇరుక్కున్న సరుకును తీసే పనినే చూడండి. ప్యానెల్‌లో మోటారు సరఫరా ఆపాక, లోపలికి దిగే మనిషే ఆ స్విచ్‌కు తన తాళం వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకుని, స్టార్ట్ బటన్ నొక్కించి బెల్టు కదలడం లేదని కళ్లారా చూసుకోవాలి. ఈ చివరి పరీక్షకు పట్టేది అర నిమిషం. నేను చూసిన ఒక కర్మాగారంలో మాత్రం పని మొదలుపెట్టే ముందు రాయవలసిన అనుమతి పత్రానికి (పర్మిట్) బదులు నిన్నటి పర్మిట్‌నే జిరాక్స్ తీసి తేదీ మార్చేవారు, షిఫ్ట్ ఇన్‌చార్జ్ కంట్రోల్ రూములో కూర్చునే సంతకం పెట్టేవారు. తాళంచెవి ఆఫీసు డ్రాయరులో ఉండేది, మనిషి బెల్టు కింద ఉండేవాడు. ఆ పర్మిట్ ఇంగ్లీషులో ఉంటుంది. పని చేసేది పార్వతీపురం వైపు నుంచి వచ్చిన తెలుగు ఫిట్టరో, ఒడియా హెల్పరో, కొండ ఊళ్ల నుంచి దిగివచ్చిన, కువి మాట్లాడే కుర్రవాడో. తాను ఏ ప్రమాదానికి ఒప్పుకుని వేలిముద్ర వేస్తున్నాడో అతనికి ఎవరూ చదివి వినిపించరు.

ఇంతకంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది నియర్ మిస్‌ల, అంటే వెంట్రుకవాసిలో తప్పిపోయిన ప్రమాదాల సంగతి. పై ప్లాట్‌ఫాం మీద నుంచి పైప్ రెంచి జారి, కింద నడుస్తున్న మనిషికి జానెడు దూరంలో పడితే, రేపు జరగబోయే మరణం గురించి ఈ రోజే ఉచితంగా అందిన హెచ్చరిక అది. దాన్ని రాసి ఇచ్చిన కార్మికుడికి మర్నాడు గేట్ పాస్ ఆగిపోతే ఇక ఎవరు రాస్తారు? ప్రమాదం లేకుండా ఇన్ని రోజులు గడిచాయని గేటు దగ్గర బోర్డు పెట్టి, ఆ అంకె చెడకూడదని దెబ్బ తగిలినవాడిని గుట్టుచప్పుడు కాకుండా బయటి క్లినిక్‌లో చూపించే చోట భద్రతా వ్యవస్థ ఉందంటే నేను ఒప్పుకోను.

విశాఖ మాకు దూరమేమీ కాదు. 2020 మే 7న అక్కడి ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. సైరన్ ఏర్పాటు ఉండి కూడా దాన్ని మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. ఆపద వేళ దాన్ని మోగించే అధికారం తనకుందని కింది స్థాయి మనిషికి ముందే నమ్మకం కలిగించకపోతే, సామగ్రి ఎంత ఉన్నా ప్రాణం కాపాడదు.

చట్టం ఈ మాట ఎప్పుడో చెప్పింది. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు, ప్రమాదకర ప్రక్రియలున్న చోట కార్మికులకూ యాజమాన్యానికీ సమాన సంఖ్యలో ప్రతినిధులుండే సేఫ్టీ కమిటీని తప్పనిసరి చేశారు, ముంచుకొస్తున్న ప్రమాదాన్ని ఎత్తిచూపే హక్కును కార్మికుడికి ఇచ్చారు. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాడిని కూడా ఆ చట్టం కార్మికుడిగానే లెక్కించింది. అయినా నేను చూసిన కమిటీల్లో కాంట్రాక్టు కార్మికుడికి కుర్చీ వేయడం అరుదు.

అసలు చిక్కు టెండరులో ఉంది. అందరికంటే తక్కువ రేటు వేసినవాడికే పని దక్కుతున్నప్పుడు సేఫ్టీ బెల్టు, పరంజా, గ్యాస్ మీటరు, అదనంగా నిలబెట్టవలసిన కాపలా మనిషి, అన్నీ కాంట్రాక్టరు లాభంలోంచే పోవాలి, అందుకే ముందుగా కోత పడేది వాటికే. భద్రత ఖర్చును రేటులో కలపకుండా వేరే పద్దుగా చూపించి, దానికి కంపెనీయే విడిగా చెల్లించాలి. ప్రమాద సూచన రాసి ఇచ్చిన కార్మికుడి గేట్ పాస్‌ను యాజమాన్యం అనుమతి లేకుండా కాంట్రాక్టరు ఆపరాదన్న షరతు కూడా అదే ఒప్పందంలో ఉండాలి. మరమ్మతుల కోసం కర్మాగారాన్ని ఆపే వచ్చే వార్షిక షట్‌డౌన్‌కు టెండర్లు పిలిచే లోపే ఈ రెండూ చేర్చాలని మా జిల్లాలోని ప్రతి యాజమాన్యాన్నీ కోరుతున్నాను.