‘ఆడది నలభైకే ముసలిది’ అనే మెసేజ్‌కు జవాబు

కొన్నాళ్లుగా ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ‘ఆడది నలభైకే ముసలిది, మగాడు అరవైకీ పడుచువాడే’ అని మొదలవుతుంది. కింద కారణాలు. ఆడవాళ్ల చర్మం ముందే ముడతలు పడుతుందట. మగవాడికి చివరిదాకా పిల్లల్ని కనే శక్తి ఉంటుందట. పిల్లలు పుట్టాక గర్భసంచితో పనే లేదట. గుండెపోటు మగవాళ్ల జబ్బట. ఆడవాళ్లు ఎక్కువకాలం బతికేది ఏ టెన్షనూ లేకుండా ఇంట్లో కూర్చోవడం వల్లేనట. ‘అందుకే పెళ్లికొడుకు పదేళ్లు పెద్దవాడై ఉండాలని పెద్దలు పెట్టారు’ అని ముగింపు. చాలామంది నవ్వే బొమ్మ పెట్టి వదిలేస్తున్నారు. నేను వదిలేయలేను. ఇందులో రెండు మూడు మాటలు నమ్మి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు.

చర్మం విషయంలో కొంత నిజం ఉంది. మగవాళ్ల చర్మం సుమారు నాలుగో వంతు ఎక్కువ మందంగా ఉంటుంది. చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ ఇద్దరికీ తగ్గుతుంది. మగవాళ్లకు చిన్న వయసు నుంచే కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది. ఆడవాళ్లకు ముట్లు ఆగాక మొదటి ఐదేళ్లలోనే దాదాపు 30 శాతం పోతుంది. అందుకే ఆ వయసులో మార్పు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కానీ ముఖం మీది గీతలు వేరు, ఒంట్లోపలి వయసు వేరు. డీఎన్ఏ మీద వయసుతో పాటు మారే రసాయన గుర్తులను బట్టి శరీరం వయసు లెక్కగట్టే పద్ధతులు ఇప్పుడున్నాయి. ఒకే ఈడు ఆడవాళ్లనూ మగవాళ్లనూ పోల్చి చూస్తే సాధారణంగా మగవాళ్లే కాస్త ముదిరినట్టు తేలుతోంది. బ్రిటన్‌లో లక్షలమంది రక్తనమూనాలను పరిశీలిస్తే, డెబ్బై ఏళ్ల మగవాళ్లలో పదిమందికి నలుగురి రక్తంలో కొన్ని కణాలు మగవాళ్లకు మాత్రమే ఉండే వై క్రోమోజోమ్‌ను వయసుతో పాటు పోగొట్టుకున్నట్టు కనబడింది. అద్దంలో కనిపించేది కాదు కాబట్టి దాన్ని ఎవరూ ముసలితనం అనరు.

‘మగవాడికి చివరిదాకా పిల్లలు పుడతారు’ అన్నది సగం నిజం. వీర్యకణాల తయారీ ఆగదు. చిక్కు కూడా అక్కడే ఉంది. వాటిని పుట్టించే కణాలు జీవితాంతం విడిపోతూనే ఉంటాయి. విడిపోయిన ప్రతిసారీ డీఎన్ఏకు కొత్త కాపీ తయారవాలి, ఆ కాపీల్లో తప్పులు పడుతూ ఉంటాయి. తండ్రి వయసు ఒక్కో ఏడాది పెరిగేకొద్దీ బిడ్డకు సుమారు రెండు కొత్త జన్యుమార్పులు అదనంగా వస్తాయని 2012లో ఐస్‌లాండ్ కుటుంబాల మీద జరిగిన అధ్యయనం చూపించింది. చాలావరకు వాటివల్ల హాని ఉండదు. అయినా తండ్రి వయసు పెరిగితే పిల్లల్లో ఆటిజం, స్కిజోఫ్రీనియా (భ్రమలు, లేని మాటలు వినబడే మానసిక జబ్బు) రిస్కు కొంత పెరుగుతున్నట్టు పరిశోధనల్లో కనబడింది. మగ హార్మోను టెస్టోస్టెరాన్ కూడా నడివయసు నుంచి ఏడాదికి దాదాపు ఒక శాతం చొప్పున తగ్గుతుంది. పిల్లలు కలగలేదని కోడలిని ఆస్పత్రుల చుట్టూ తిప్పి, కొడుక్కి మాత్రం ఒక్క వీర్యపరీక్ష కూడా చేయించని ఇళ్లు ఈ సగం నిజాన్ని నమ్ముకునే ఉన్నాయి.

ఇక గర్భసంచి. మెసేజ్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే.

మా బంధువుల్లో ఒకావిడ ఉంది. తెల్లబట్ట అవుతోందని, నడుం లాగేస్తోందని ముప్పై నాలుగేళ్ల వయసులో ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లింది. ‘పిల్లలు పుట్టారు కదా, ఇంక ఆ సంచితో పనేముంది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది’ అని ఆయన పట్నంలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి పంపాడు. ఆపరేషన్ అయిన కొద్ది నెలలకే ఒంట్లోంచి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం. ఇప్పుడు ఆవిడకు నలభై ఆరు. కింద కూర్చుంటే గుమ్మం పట్టుకుని లేవాలి. ఈమధ్య డిశ్చార్జి కాగితం తెచ్చి నాకు చూపించింది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేసినట్టు అందులో ఇంగ్లిష్‌లో రాసి ఉంది. పన్నెండేళ్లలో ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

ఆడ హార్మోను ఈస్ట్రోజెన్ తయారయ్యేది ప్రధానంగా అండాశయాల్లో. ఎముకలకూ, రక్తనాళాలకూ, నిద్రకూ అది కావాలి. మన దేశంలో ముట్లుడిగే సగటు వయసు 46-47. ముప్పై నాలుగేళ్లకే రెండు అండాశయాలూ తీసేస్తే ఆ మార్పు రాత్రికి రాత్రి మీద పడుతుంది. అండాశయాలు ఉంచి గర్భసంచి ఒక్కటే తీసినా, కొందరికి అవి కొన్నేళ్లు ముందే పనిచేయడం మానేస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంమీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతానికి దగ్గర, తెలంగాణలో 8 శాతం. దేశంలో ఈ ఆపరేషన్లలో పదింట ఏడు జరిగింది ప్రైవేటు ఆస్పత్రుల్లోనే. మన పల్లెల్లో నలభై దాటగానే ముసలివాళ్లలా కనబడే ఆడవాళ్లలో కొందరిని అలా చేసింది ప్రకృతి కాదు, ఆపరేషన్ బల్ల. నిజంగా అవసరమైన ఆపరేషన్లూ ఉంటాయి, కాదనను. పెద్ద గడ్డలు, మందులకు లొంగని రక్తస్రావం, క్యాన్సర్ ఉంటే తీయించుకోవాల్సిందే. తెల్లబట్టకు మాత్రం చాలాసార్లు మందులు సరిపోతాయి. సంతకం పెట్టేముందు రెండో డాక్టర్‌కు చూపించండి. అండాశయాలు ఉంచుతున్నారా తీస్తున్నారా అని అడగండి, జవాబు కాగితం మీద రాయించుకోండి.

దీనికి రక్తహీనత కూడా తోడు. అదే సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ సగం కంటే ఎక్కువమంది ఆడవాళ్లకు రక్తం తక్కువగా ఉంది. ఆయాసం, నీరసం, పాలిపోయిన ముఖం చూసి వయసైపోయింది అనేస్తారు. ఐరన్ లోపం వల్ల వచ్చినదైతే ఆ నీరసం ఐరన్ మాత్రలతో తగ్గేదే.

‘గుండెపోటు మగవాళ్ల జబ్బు’ అన్నది పూర్తిగా తప్పు. ఆడవాళ్లకు గుండెజబ్బు ఏడు నుంచి పదేళ్లు ఆలస్యంగా వస్తుంది, అంతే. ముట్లు ఆగాక చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది, ఈస్ట్రోజెన్ ఇచ్చిన రక్షణ పోతుంది. ప్రపంచంలో ఆడవాళ్లను ఎక్కువగా బలిగొంటున్న జబ్బులు కూడా గుండె, రక్తనాళాలవే. వాళ్లలో చాలామందికి ఛాతీనొప్పితో పాటు, కొందరికి అది లేకుండానే, దవడ లాగడం, వికారం, వీపులో నొప్పి, చెప్పలేనంత నీరసం ఉంటాయి. గ్యాస్ పట్టిందని సోడా తాగి పడుకుంటారు. ఇంట్లోవాళ్లూ పడుకోమనే అంటారు. అలా వృథా అయిన గంటలు తిరిగి రావు. ఎముకలు గుల్లబారడం ఆడవాళ్ల జబ్బు అనుకోవడమూ ఇలాంటిదే. యాభై దాటిన మగవాళ్లలో ఐదుగురిలో ఒకరికి దానివల్ల ఎముక విరిగే ముప్పు ఉంది. తుంటి విరిగిన తర్వాత చనిపోయే ముప్పు మగవాళ్లకే ఎక్కువ.

ఆడవాళ్లకు టెన్షన్ లేదన్నవాళ్లకు ఒక ప్రభుత్వ లెక్క. 2019 జాతీయ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెట్టారు, ఆ పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు. ఆయుష్షులో తేడా ఎక్కడినుంచి వస్తుందో జర్మనీలోని బవేరియా మఠాలను చూస్తే కొంత అర్థమవుతుంది. అక్కడి సన్యాసులూ సన్యాసినులూ దాదాపు ఒకే తిండి, ఒకే దినచర్యతో బతుకుతారు. పదకొండు వేలకు పైగా మంది రికార్డులు తీస్తే ఇద్దరి ఆయుష్షులో తేడా ఏడాది దగ్గరే ఉంది. బయటి జనంలో అంతకు చాలా రెట్లు. అంటే తేడాలో పెద్ద భాగం పొగ, మందు, ప్రమాదాలు, డాక్టర్ దగ్గరికి వెళ్లకపోవడం లాంటివాటిదే. తెలంగాణలో నూటికి 43 మంది మగవాళ్లు మందు తాగుతామని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో చెప్పారు. అరవైకీ పడుచువాడినే అనుకున్నవాడు బీపీ చూపించుకోడు, రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నా ప్రొస్టేట్ (మూత్రసంచి కింద ఉండే మగవాళ్ల గ్రంథి) పరీక్షకు వెళ్లడు. ఈ మెసేజ్ మగవాళ్లకూ మేలు చేయదు.

చివరగా పదేళ్ల తేడా. 2016-20 లెక్కల ప్రకారం మన దేశంలో పుట్టినప్పటి సగటు ఆయుష్షు ఆడవాళ్లకు 71.4, మగవాళ్లకు 68.6 ఏళ్లు. మొగుడు పదేళ్లు పెద్దవాడైతే సగటున ఆమె పన్నెండు పదమూడేళ్లు ఒంటరిగా బతకాలి. అరవై దాటిన ఆడవాళ్లలో దాదాపు సగం మంది వితంతువులే, మగవాళ్లలో భార్య పోయినవాళ్లు అందులో మూడో వంతు ఉంటారు. పైగా అంతకుముందు మంచాన పడిన మొగుడికి సేవ చేసేదీ ఆమే, ఆ తర్వాత తనను చూసేవాళ్లకోసం వెతుక్కునేదీ ఆమే. సంబంధం ఖాయం చేసేముందు ఆ పదమూడేళ్లు ఆమె ఎక్కడ ఉంటుంది, ఎవరి పేరున ఇల్లు ఉంటుంది, చేతిలో సొంత డబ్బు ఎంత ఉంటుంది అని రెండు వైపుల పెద్దలూ మాట్లాడుకోవాలి.