ఆ దస్కతు ఏ చట్టం అడిగింది?

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకాలో ఒక ఇల్లాలికి నెల తప్పితే, వద్దనుకుంటే, ఆమె ముందుగా గొంతు తగ్గించి అడిగేది మెడికల్ షాపులోనే. జిల్లా ఆసుపత్రి దాదాపు 200 కిలోమీటర్లు. వానాకాలంలో ఆలపల్లి రోడ్డు సంగతి మా పాఠకులకు చెప్పనక్కర్లేదు. తీరా ఎక్కడో ఓ చోట చీటీ రాయించుకుంటే ‘మీ ఆయనేడి? దస్కతు కావాలె’ అని భర్త సంతకం అడుగుతారు. ఆయన మిర్చి ఏరను ఖమ్మం దిక్కు పోయిండు. ఆమె స్కానింగు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కొంగున కట్టుకుని మళ్లీ బస్సెక్కుతుంది. ఆయన వచ్చేసరికి ఇంకో నెల.

ఆ దస్కతు ఏ చట్టమూ అడగలేదు. 1971 నాటి గర్భస్రావ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలు. 2021లో సవరించాక 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం, కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో 24 వారాల దాకా ఇద్దరిది కావాలి. 9 వారాల లోపైతే మాత్రలతోనే అయిపోతుంది. పెళ్లికానివారికీ 24 వారాల గడువు వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది.

‘కడుపులో పడ్డ ప్రాణం మీద తల్లికి బాధ్యత లేదా?’ అని అడిగేవాళ్లున్నారు. మా ఇళ్లలో పెద్దవాళ్లూ అడుగుతారు. ఆ ప్రశ్నను మేం తోసెయ్యం. కానీ బాధ్యత వేరు, బలవంతం వేరు. బిడ్డకు కిడ్నీలు పాడై తండ్రి కిడ్నీ సరిపోతుందని తేలినా, అతను ఒప్పుకోనిదే 1994 అవయవ మార్పిడి చట్టం కత్తి పెట్టనివ్వదు. ఊరు అతణ్ని తిడుతుందేమో గానీ పోలీసులు ఈడ్చుకెళ్లరు. రక్తదానమంటాం, నేత్రదానమంటాం. దానమన్నాక ఇచ్చేవాళ్ల ఇష్టం. మరి తొమ్మిది నెలలు రక్తమాంసాలు పంచే ఆడదాని దగ్గర మాత్రం దాన్ని వసూలు చేస్తామా? సికిల్‌సెల్ అనే, వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బున్న స్త్రీలు మన జిల్లాలో ఎందరో. వాళ్లకు కాన్పంటే ప్రాణానికి ముప్పు ఎక్కువ.

ఆడపిల్లని తెలిసి తీయించడం మేం చెప్పే ఈ ఇష్టం కిందికి రాదు. అది చాలాసార్లు ఆమె మాట కాదు, అత్తింటి మాట.

మా మనసు తడబడే చోటూ ఉంది. 2023 అక్టోబరులో ఇద్దరు పిల్లల తల్లి ఒకామె సుప్రీంకోర్టుకు వెళ్లింది. పాలిచ్చే రోజుల్లో నెలసరి రాకపోవడం మామూలేననుకుని, కడుపుతో ఉన్నట్టు ఆలస్యంగా తెలుసుకుంది. ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. చివరికి ముగ్గురి ధర్మాసనం, 26 వారాలు దాటాయనీ బిడ్డకు లోపమేమీ లేదనీ అనుమతి నిరాకరించింది. అప్పటికి అది బయటపడినా బతకగల బిడ్డ. ఆ తీర్పు తప్పని మేం తేలిగ్గా అనలేం. వారాలు గడిచేకొద్దీ తూకం మారుతుంది, ఒప్పుకుంటున్నాం. ఒప్పుకున్నాక అడగాల్సింది ఒకటుంది: సిరొంచ ఇల్లాలి వారాలు ఎవరి మూలంగా గడిచిపోయాయి? డాక్టరు లేని రోజులు, తెగిన రోడ్డు, అక్కర్లేని దస్కతు కోసం తిప్పిపంపడం, ఇవన్నీ మన లెక్కలో పడాల్సినవి. మనమేమో ఆమె ఖాతాలో రాస్తున్నాం.

ఇది కొత్తగా పుట్టిన రోగం కాదు. డాక్టర్లు రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతులు ఇదే జిల్లాలో రెండు పల్లెల స్త్రీలను పరీక్షించి 1989లో ఫలితాలు ప్రకటించారు. 650 మందిలో 92 శాతానికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. అంతకుముందు ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నవాళ్లు 8 శాతమే. చెప్పుకునే చోటు లేక దాచుకున్నారు.

సిరొంచ, అహేరి ఆసుపత్రుల్లో అర్హత ఉన్న డాక్టరు వారం పొడుగునా ఉండాలి. మాత్రలు అక్కడే దొరకాలి. ఆమె పేరు గడప దాటకూడదు. భర్త సంతకం అక్కర్లేదని చీటీ రాసే కిటికీ పక్కనే తెలుగులో, మరాఠీలో, ఇక్కడి గిరిజనుల మాడియా భాషలో రాసి పెట్టాలి, వచ్చే వానలకు రోడ్డు తెగకముందే.