కణాలను నిద్రలేపే వారు

ఈ మధ్య ఏ ఫంక్షన్ హాల్లో చూసినా 'సెల్యులార్ ఎనర్జీ' సెమినారే. టై కట్టిన పెద్దమనిషి మైకు పట్టుకుని "మీ కణాలు నిద్రపోతున్నాయి!" అంటాడు. తమ కణాల బద్ధకానికి జనం సిగ్గుపడి తల దించుకుంటారు. మందు డబ్బాలో ఉంది. డబ్బా బల్ల మీద ఉంది.

కణాలు నిజంగా నిద్రపోతే చప్పట్లు కొట్టడానికి హాల్లో ఎవరూ మిగలరు. కణం పనులన్నిటికీ ఇంధనం ఏటీపీ అనే అణువు; కండరంలో దాని నిల్వ కొన్ని సెకన్లకే సరిపోతుంది, ఎప్పటికప్పుడు చేసుకోవాల్సిందే. ఆ ఏటీపీని 1929లో కనిపెట్టినవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. పాపం, హార్వర్డ్ ల్యాబులో కష్టపడ్డారే గానీ డబ్బాలో పోసి అమ్ముకోవడం తెలియలేదు.

సరే, ఆ డబ్బాలోని పొడి కణంలోకి చేరిందనే అనుకుందాం. కణం చక్కెరను విరిచి శక్తి తీసే దారి గ్లైకాలిసిస్. దాని మూడో మెట్టు దగ్గర ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అనే ఎంజైమ్ కూర్చుని ఉంటుంది.

"ఏం తెచ్చావ్?"

"ఎనర్జీ అండీ."

"లోపల ఏటీపీ నిండుగా ఉంది. ఏటీపీ తయారయ్యే మైటోకాండ్రియా నుంచి, ఇక సరుకు చాలని చెప్పే సిట్రేట్ కూడా పొంగుకొస్తోంది. అక్కర్లేదు."

"ఇది ప్లాటినం ప్యాక్ అండీ!"

"ఖర్చు పెరిగి, ఏటీపీ వాడేశాక మిగిలే ఏఎంపీ ఎక్కువైతే నేనే దారి వదుల్తా. అందాకా చక్కెర నిల్వ ఉండే గ్లైకోజెన్‌లోకి పో. అక్కడా ఖాళీ లేకపోతే కొవ్వులోకి."

"పోనీ, మీ కింద ఇద్దర్ని చేర్పించండి, డైమండ్ లెవెల్ ఇస్తాం..."

ఎంజైమ్‌కి బావమరుదులు లేరు. ఉంటే ఈపాటికి డైమండ్ అయిపోయేది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. టైప్ 1 షుగర్ ఉన్న పిల్లను వెంటబెట్టుకొచ్చిన తల్లితో "ఇన్సులిన్ ఆపేయమ్మా, కణాలే దారికొస్తాయి" అన్నాడు చూడండి ఆ టై పెద్దమనిషి, అక్కడ నాకు ఒళ్లు మండింది. దారికి రావడానికి ఆ పిల్ల క్లోమంలో ఇన్సులిన్ చేసే కణాలు మిగిల్తే కదరా! ఇన్సులిన్ ఆపితే రక్తంలో చక్కెర పొంగుతున్నా కాలేయం ఇంకా చేసి పోస్తూనే ఉంటుంది. కొవ్వు కరిగి కీటోన్లనే ఆమ్లాలు పేరుకుంటాయి, రక్తం ఆమ్లమైపోతుంది, ప్రాణం పోతుంది. 1922 జనవరిలో టొరంటోలో మొదటి సూది పడేదాకా ఇలాంటి పిల్లలు ఎముకల గూళ్లై పోయారు. కనిపెట్టినవాళ్లు ఇన్సులిన్ పేటెంటును తలా ఒక్క డాలరు తీసుకుని యూనివర్సిటీకి రాసిచ్చేశారు.

వీడి డబ్బా నాలుగు వేలు. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 'ఇది ఔషధం కాదు' అని మాత్రం మర్చిపోకుండా అచ్చేయించుకున్నాడు.