కొండను తవ్వి ఎలుకను పట్టే అర్థశాస్త్రం

కొండను తవ్వి ఎలుకను పట్టడం అనే మాటను మన పెద్దలు ఎగతాళికి వాడారు. తొందరపడ్డారు. ఆ ఎలుక ఎక్కడుంటుందో, దాన్ని చూసి రావడానికి తలకెంత పడుతుందో తెలిసుంటే అంత తేలిగ్గా మాట్లాడేవాళ్ళు కాదు. ఎలుకగారు ఫ్లోరిడాలో, ఓర్లాండో పక్కన, తెల్ల చేతితొడుగులు వేసుకుని ఉంటారు. 1971 అక్టోబరు 1న వాల్ట్ డిస్నీ వరల్డ్ తలుపులు తెరిచినప్పుడు పెద్దవాళ్ళకు ప్రవేశం మూడున్నర డాలర్లు. రైడ్లకు విడిగా టికెట్లు. 2022 డిసెంబరుకల్లా రద్దీ రోజుల్లో అందులో ఒక పార్కైన మ్యాజిక్ కింగ్‌డమ్ ఒక్కరోజు టికెట్ 189 డాలర్లకు చేరింది. వినాయకుడికి ఎలుక వాహనం. అమెరికాలో ఉన్న మనం ఎలుకకే వాహనం. ఇక కొండ ఏమిటంటారా? మన బ్యాంకు ఖాతా.

ఈ తవ్వకంలో నాలుగు తట్టల మట్టి మనకే మిగుల్చుకునే విద్య ఒకటుంది. దాన్ని నాకు ఉపదేశించినవాడు మా పెద్ద తోడల్లుడు. ఒక ఆదివారం ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "తమ్ముడూ, నువ్వు డిస్నీకి డైరెక్టుగా డబ్బు కడుతున్నావా?" అని అడిగాడు. నేను అవునన్నాను. అవతల చాలాసేపు మాట్లాడలేదు. ఇంట్లో ఎవరైనా పోయినా అంతసేపు ఆగడు.

ఆయన చెప్పింది ఇదీ. డిస్నీవాళ్ళు తమ టికెట్ మీద సులభంగా తగ్గింపు ఇవ్వరు. కానీ ముందే డబ్బు నింపుకునే డిస్నీ గిఫ్ట్ కార్డు అనేది ఒకటుంది. టికెట్లకి, వాళ్ళ హోటల్ గదికి, తిండికి, పిల్లలు తలకు పెట్టుకునే మిక్కీ చెవులకి అన్నిటికీ అది నగదుతో సమానం. ఆ కార్డును మాత్రం బయట తక్కువకు కొనొచ్చు. టార్గెట్ అనే దుకాణాల‌వాళ్ళ సొంత కార్డుతో కొంటే 5 శాతం తగ్గుతుంది. ఒకప్పుడు దాన్ని రెడ్‌కార్డ్ అనేవాళ్ళు, 2024లో సర్కిల్ కార్డని పేరు మార్చారు. శామ్స్ క్లబ్ టోకు దుకాణాల‌లో కట్టలు కట్టి ముఖవిలువ కన్నా కొంచెం తక్కువకు అమ్ముతారు. చేజ్ బ్యాంకు వాళ్ళ ఇంక్ బిజినెస్ క్యాష్ క్రెడిట్ కార్డుంటే ఆఫీసు సామాన్ల షాపుల్లో ఏడాదికి 25,000 డాలర్ల దాకా 5 శాతం వెనక్కి వస్తుంది, గిఫ్ట్ కార్డుల స్టాండు అక్కడా ఉంటుంది. అయితే బిజినెస్ కార్డు కావాలంటే బిజినెస్ ఉండాలి కదా? మా తోడల్లుడు గరాజ్‌లో ఉన్న పాత స్ట్రోలర్ అమ్మాడు. అదే బిజినెస్.

సూపర్ మార్కెట్లో 6 శాతం ఇచ్చే అమెక్స్ బ్లూ క్యాష్ ప్రిఫర్డ్ క్రెడిట్ కార్డు సంగతి వేరు. ఏడాదికి 6,000 డాలర్ల కొనుగోళ్ళ వరకే ఆ 6 శాతం, పైగా వార్షిక రుసుము 95 డాలర్లు. ప్రీపెయిడ్ కార్డుల కొనుగోళ్ళు లెక్కలోకి రావని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. చిన్న అక్షరాలు చదివేవాడు ఈ విద్యకు పనికిరాడని మా తోడల్లుడి అభిప్రాయం.

నాకైతే ఇందులో అపచారం ఏమీ కనపడలేదు. డిస్నీకి సొంత డబ్బు ముద్రించుకోవడం కొత్త కాదు. 1987 నుంచి డిస్నీ డాలర్లని అచ్చంగా నోట్లే వేశారు, మీద మిక్కీ బొమ్మతో. 2016లో వాటి అమ్మకం ఆపేశారు, ఇప్పుడంతా కార్డులే. ఒక్క తేడా గమనించండి. ఆ నోటుకు సావనీరు విలువైనా ఉండేది, ఇంటికి తెచ్చి ఫ్రేము కట్టించుకునేవాళ్ళు. ప్లాస్టిక్ కార్డుకు ఫ్రేము కట్టించినవాణ్ణి నేను చూడలేదు. మా ఇంట్లో మాత్రం జిప్‌లాక్ సంచీలో భద్రంగా ఉంటాయి. ఎందుకో తర్వాత చెబుతాను.

సరే, లెక్క కుదిరింది. మొత్తం ఖర్చు 5,000 డాలర్లు. 5 శాతం తగ్గింపుతో కొంటే 4,750. మిగిలేది 250. ఈ 250 డాలర్లు ఏం చేయాలనే చర్చ మా ఇంట్లో మూడు రాత్రులు నడిచింది. ఇంకా ఒక్క కార్డు కూడా కొనలేదు.

కార్డులు కొనడం ఉద్యోగం లాంటిది. ఒకేసారి 5,000 డాలర్ల కార్డులు బుట్టలో వేసుకుని కౌంటర్‌కు వెళ్తే అక్కడున్న అమ్మాయి మనవైపు జాలిగా చూస్తుంది. పన్ను బాకీ ఉందని, మనవణ్ణి జైల్లో వేశారని ఫోన్లో బెదిరించి గిఫ్ట్ కార్డులు కొనిపించే మోసగాళ్ళు ఈ దేశంలో బోలెడంతమంది. ఎవరైనా బాకీని గిఫ్ట్ కార్డుల్లో కట్టమన్నారంటే వాడు దొంగేనని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నెత్తీనోరూ కొట్టుకుని చెబుతోంది. అందుకని ఆ అమ్మాయి మెల్లగా, "సర్, మిమ్మల్నెవరైనా ఇవి కొనమని ఫోన్ చేశారా?" అని అడిగింది. చేశారు. మా తోడల్లుడు. ఆ మాట అనలేక, పిల్లలతో డిస్నీకి వెళ్తున్నామన్నాను. ఆవిడ మొహంలో జాలి తగ్గలేదు.

అప్పటినుంచి వంద డాలర్లవి రెండేసి, మూడేసి చొప్పున ఎనిమిది నెలలు కొన్నాం. వెళ్ళిన ప్రతిసారీ కార్డుతోపాటు ఏదో ఒకటి వచ్చేది. ఓసారి దిండు గలీబులు, ఓసారి దాల్చినచెక్క వాసనొచ్చే కొవ్వొత్తి, ఇంకోసారి ఏకంగా ఎయిర్ ఫ్రయర్. ఇవి ఈ లెక్కలోకి రావు. ఇవి ఇంటి ఖర్చు.

కొనేముందు కార్డు కవరును మార్కెట్లో బెండకాయ తుంచి చూసినట్టు చూడాలి. దొంగలు షాపులోంచి కార్డులు పట్టుకెళ్ళి, నంబరూ రహస్య సంఖ్యా రాసుకుని, కవరు మళ్ళీ అతికించి, స్టాండుకు తగిలించి పోతారు. మనం డబ్బు కట్టి కార్డుకు ప్రాణం పోయగానే వాళ్ళు ఆ ప్రాణం తీస్తారు. అందుకే నేను స్టాండులో ముందున్న కార్డు ముట్టుకోను, వెనక నుంచి నాలుగోది తీస్తాను. పాలప్యాకెట్టు దగ్గర నేర్చిన తెలివి ఇక్కడ అక్కరకొచ్చింది. వెలుతురుకు ఎత్తి చూస్తాను. అంచు గోటితో మీటి చూస్తాను. సెక్యూరిటీ అబ్బాయి నన్ను చూస్తుంటాడు, నేను కవరును చూస్తుంటాను. రసీదు దాచాలి. ఆ కాగితం మీద అక్షరాలు నాలుగు నెలలకే మాయమవుతాయి కాబట్టి ఫొటో తీసి దాచాలి. నా ఫోన్లో మా అమ్మాయి ఫొటోల కన్నా రసీదుల ఫొటోలే ఎక్కువ.

ఇక గీకుడు రాత్రి.

కార్డులు 50 అయ్యాయి. డిస్నీ గిఫ్ట్ కార్డు సైటులో చిన్న కార్డుల్లోని డబ్బంతా కలిపి వెయ్యి డాలర్ల దాకా ఒకే కార్డులోకి మార్చుకోవచ్చు. యాభైని అయిదు చేయాలి. పిల్లలు పడుకున్నాక భోజనాల బల్ల తుడిచి, కార్డులు పేకముక్కల్లా పరిచి, నేనూ మా ఆవిడా కూర్చున్నాం. వెనకున్న బూడిదరంగు పట్టీ గీకితే రహస్య సంఖ్య బయటపడుతుంది. గీకడానికి ఇక్కడి క్వార్టర్ (పాతిక సెంట్ల) బిళ్ళ పనికిరాదు, అంచు మొద్దు. ఊరినుంచి ఎప్పుడో వచ్చి సొరుగులో పడున్న పాత రూపాయి బిళ్ళ బాగా పనిచేసింది. ఆ రూపాయికి అమెరికాలో దొరికిన మొదటి ఉద్యోగం అదే. నేను గీకుతూ అంకెలు చదువుతున్నాను, తను టైపు చేస్తోంది. గట్టిగా గీకితే అంకె కూడా పోతుంది.

"ఏమండీ, ఇది 3నా, 8నా?"

"8 లాగే ఉంది."

"లాగే ఉంటే సరిపోదు. వంద డాలర్లు."

కళ్ళజోడు తీసి, ఫోన్‌లో ఫొటో తీసి, పెద్దది చేసి చూశాం. 6. రాత్రి ఒంటిగంటన్నరకు అయిదు కార్డులు తయారయ్యాయి. నా గోళ్ళల్లో, లుంగీ మీద, పొద్దున్న కాఫీ గ్లాసులో కూడా ఆ బూడిదే. శివరాత్రికి కూడా నేనంత జాగారం చేయలేదు.

తేలిందేమిటో కూడా చెబుతాను, దాచను. ఎనిమిది నెలల ముందే 4,750 డాలర్లు ఇచ్చేశామనుకుంటే, ఏడాదికి 4 శాతం ఇచ్చే సేవింగ్స్ ఖాతాలో ఆ డబ్బు సుమారు 127 డాలర్లు తెచ్చేది. అంటే ప్రపంచంలోని పెద్ద కంపెనీల్లో ఒకదానికి మా కుటుంబం వడ్డీ లేని అప్పు ఇచ్చింది. పత్రం కూడా రాయించుకోలేదు. ఇక హోటల్ గది 2,000 డాలర్లు. ఓర్లాండో ఉండే ఆరెంజ్ కౌంటీలో గది మీద అమ్మకపు పన్ను ఆరున్నర శాతం, టూరిస్టు పన్ను 6 శాతం, కలిపి పన్నెండున్నర. 2,000కు పన్నెండున్నర శాతం ఎంతో వేసి చూడండి. నేను కాలిక్యులేటర్‌లో రెండుసార్లు వేశాను. సరిగ్గా 250.

మా ఆవిడకు ఈ లెక్క చూపించాను. తను అసలు కంగారు పడలేదు. "పన్ను ఎలాగూ కట్టేదే కదా. 250 మిగిల్చాం కాబట్టి కట్టగలిగాం" అంది. రిచర్డ్ థేలర్ అనే పెద్దమనిషికి 2017లో ఆర్థికశాస్త్రం నోబెల్ ఇచ్చినప్పుడు ఆయన చేసిన మంచి పనుల్లో మెంటల్ అకౌంటింగ్ ఒకటన్నారు. డబ్బంతా ఒకటే అయినా మనిషి మనసులో దానికి వేరువేరు డబ్బాలు కడతాడట. మన ఇళ్ళల్లో ఆ డబ్బాలు మనసులో కాదు, వంటింట్లోనే ఉండేవి. పోపులడబ్బాలో పాలవాడివి, బియ్యం డబ్బాలో చీటీవి. ఒకదాన్లోది ఇంకోదానికి తీస్తే ఇల్లు దద్దరిల్లేది. గిఫ్ట్ కార్డు కూడా అలాంటి డబ్బానే. అందులో పడ్డ డబ్బు అప్పుడే ఖర్చయిపోయినట్టు. పార్కులో దాన్ని గీస్తే నొప్పి తెలియదు.

తెలియలేదు కూడా. కార్డులో డబ్బుందన్న ధైర్యంతో మొదటిరోజే బుడగలు ఊదే మంత్రదండం కొన్నాం. క్యూలో నిలబడకుండా పోయే లైట్నింగ్ లేన్ కొన్నాం. 2020 దాకా ఫాస్ట్‌పాస్ పేరుతో ఇలాంటి వసతి ఊరికే ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు దానికి డబ్బు. తిరుమలలో 300 రూపాయల దర్శనానికి అలవాటుపడ్డ జాతి కాబట్టి మనకది వింతగా తోచదు. ఎటొచ్చీ అక్కడ చివర లడ్డూ ఉంటుంది. మాతో పులిహోర ఉంది. బయటి తిండి పార్కులోకి తీసుకెళ్ళనిస్తారు, గాజు సీసాలూ మందూ కాకపోతే చాలు. కౌంటర్‌లో అడిగితే మంచినీళ్ళు ఊరికే ఇస్తారు. మొత్తం ట్రిప్పులో నిజంగా మిగిలింది ఆ పులిహోర వల్లా, ఆ నీళ్ళ వల్లా, మా అబ్బాయి వల్లా. మూడేళ్ళు నిండనివాళ్ళకు టికెట్ లేదు. వాడి మూడో పుట్టినరోజు జూన్ 9. మేము 4న వెళ్ళి 8న బయటపడ్డాం. ఇందులో గిఫ్ట్ కార్డు పాత్ర ఏమీ లేదు కాబట్టి మా తోడల్లుడికి ఈ సంగతి ఆనలేదు.

జిప్‌లాక్ సంచీ సంగతి చెబుతానన్నాను. ఖాళీ అయిన కార్డు పారేయకూడదు. ఏదైనా రద్దు చేసుకుంటే డబ్బు కట్టిన కార్డుకే తిరిగి వస్తుంది. ఆ కార్డు చెత్తబుట్టలో ఉంటే ఆ డబ్బుకోసం తలప్రాణం తోకకొస్తుంది. అందుకని మెడలో సంచీ వేలాడేసుకుని తిరిగాను. చివరిరోజు చెవుల బ్యాండు కొంటూ కౌంటర్ దగ్గర ఒక కార్డులో 11, ఇంకోదాన్లో 9 చిల్లర, మూడోదాన్లో మిగతాది అని గీయిస్తుంటే వెనక క్యూ బాగా పెరిగింది. దానికి మాత్రం లైట్నింగ్ లేన్ లేదు.

ఇంటికొచ్చాక సంచీ విప్పి బ్యాలెన్సులు చూశాం. నాలుగు కార్డులు సున్నా. అయిదోదాన్లో 3 డాలర్ల 17 సెంట్లు. 2009 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం గిఫ్ట్ కార్డుకు కనీసం అయిదేళ్ళ గడువు ఉండాలి. డిస్నీ కార్డుకైతే అసలు గడువే లేదు.

"ఉండనివ్వండి, ఎప్పటికైనా పనికొస్తుంది" అంది మా ఆవిడ. కానీ 3 డాలర్ల 17 సెంట్లు అలా పడుండటం నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఇంత కష్టపడి మిగిల్చిన సొమ్ము. అది వృథా పోకూడదంటే అక్కడికే వెళ్ళాలి. డిసెంబరులో సెలవు పెట్టాను. అప్పటికి మా అబ్బాయికి మూడున్నర, టికెట్ కొనాలి. నిన్నటికి 11 కార్డులయ్యాయి.