చివరి ఆయకట్టుకు కిరణం అందడం లేదు

హన్మకొండలోని మా ఇంటి హాలులో సెట్‌టాప్ బాక్సు టేకు బీరువాలో, మూసిన తలుపుల వెనుక ఉంటుంది. రిమోట్ నుంచి వెలువడే పరారుణ కిరణం గాజును దాటుతుంది గాని టేకును దాటదు. లేచి తలుపు తీయాలన్న ప్రతిపాదన కుటుంబ సమావేశంలో ఒక్క ఓటైనా రాక వీగిపోయినందున, ఇంట్లో కిరణ పంపిణీ వ్యవస్థను నెలకొల్పక తప్పలేదు.

దాని నిర్మాణం మన గొలుసుకట్టు చెరువుల వంటిదే. బీరువా బయట అంటించిన కన్ను, సెకనుకు సుమారు 38,000 సార్లు మిణుకుమనే కిరణాన్ని పట్టి తీగలోకి వదులుతుంది; లోపలి పంపిణీ డబ్బా దానికి బలమిచ్చి, పరికరాల ముఖాన అతికించిన చిన్న ఎల్‌ఈడీల ద్వారా మళ్లీ కిరణంగా పారిస్తుంది. ఒక పరికరంతో ఆగి ఉంటే చరిత్ర మరోలా ఉండేది. ఆంప్లిఫయర్ చేరింది, పాత డీవీడీ ప్లేయర్ చేరింది (దాన్ని ఎవరూ వాడరు, అయినా దాని హక్కు దానిదే), ఆపై మేడమీది గదికి రెండో డబ్బా, 15 మీటర్ల తీగ మంజూరయ్యాయి.

అక్కడే చివరి ఆయకట్టు సమస్య తలెత్తింది. మేడమీద నొక్కినది నొక్కినట్లే ఉండిపోయేది. ఫోన్ కెమెరాలో చూస్తే, కంటికి కనబడని ఆ ఎల్‌ఈడీ వెలుగు కిందిగదిలో ఊదారంగులో మిలమిలలాడుతూ, మేడమీద ప్రాణం పోతున్న మిణుగురులా కనిపించింది. నేను తక్షణమే 12 వోల్టుల అడాప్టరును తొలగించి 24 వోల్టులది పెట్టాలని తీర్మానించాను. చౌరస్తాలోని ఎలక్ట్రానిక్స్ దుకాణదారు మాత్రం అడాప్టరు మీది చీటీని గోటితో గీకి, 200 మిల్లీయాంపులని చదివి, నా వైపు జాలిగా చూశాడు.

"అన్నా, ఇది ఎంతమందికని పోస్తది? వోల్టులు పెంచితే కన్ను కాలిపోతది. వోల్టులు గవే ఉంచు, యాంపులు పెంచు."

వోల్టులనే మట్టం పెంచితే కట్ట తెగుతుందని, యాంపులనే నీరు నిండుగా ఉంటేనే కింది తూముకు అందుతుందని ఈ సీమవారికి కాకతీయుల నాటి నుంచీ తెలుసు. నాకు మాత్రం దుకాణంలో తెలిసింది. 12 వోల్టులు, ఒక యాంపు అడాప్టరు కొన్నాను. పిన్ను లోపలిభాగం ధనమో ఋణమో రెండుసార్లు సరిచూశాను. దూరపు తీగలో వోల్టేజి జారిపోకుండా లావుపాటిది వేయించాను. పడమటి కిటికీ ఎండ కంటిమీద పడినప్పుడు వ్యవస్థ తనంతట తాను మిణుకుమంటూ ఉంటే, కంటికి అట్టముక్కతో చూరు కూడా కట్టాను.

మేడమీది ఆయకట్టుకు కిరణం అందింది. అయితే కొత్త అడాప్టరు పాతదానికంటే బొద్దుగా ఉన్నందువల్ల బీరువా తలుపు జానెడు తెరుచుకునే ఉంటోంది. నిన్న కరెంటు పోయి, ఇన్వర్టరు మీద టీవీ, బాక్సు నడుస్తూ, ఇన్వర్టరు లైనులో లేని మా వ్యవస్థ మాత్రం ఆగిపోయిన వేళ, మా నాయిన పడక కుర్చీలోంచి రిమోట్ నొక్కితే ఆ జానెడు సందులోంచే ఛానల్ మారింది. నేను చూడనట్టు నటించి, మూడో డబ్బాకు ధర వాకబు చేస్తున్నాను.