అంబులెన్స్ వాళ్ల నంబర్ల గురించి తిరుగుతున్న మెసేజ్‌కి నా జవాబు

ఒక మెసేజ్ కొన్నాళ్లుగా గ్రూపు నుంచి గ్రూపుకి తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. అంబులెన్స్‌లో వచ్చి అత్యవసర చికిత్స చేసేవాళ్లు ఈఎంటీలు, వాళ్లకన్నా ఎక్కువ శిక్షణ పొందినవాళ్లు పారామెడిక్‌లు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "అంబులెన్స్‌లో వచ్చే ఈఎంటీల, పారామెడిక్‌ల సర్టిఫికేషన్ నంబరూ బ్యాడ్జ్ నంబరూ ఒకటే, ఆఫీసు లెక్కల కోసం ఇస్తారు. ఒకసారి పరీక్ష పాసైతే జీవితాంతం చెల్లుతుంది. ప్రాణం నిలబెట్టేది అనుభవం, కాగితం కాదు. ఆ నంబర్లు వాళ్లు గొప్పగా చెప్పుకోవడానికే, రోగికి వాటితో పనేమీ లేదు."

చాలా ఏళ్లుగా అంబులెన్స్ వెనక భాగంలో కూర్చుని పనిచేస్తున్నాను. ఇందులో ఒక్క మాట సగం నిజం. మిగతావన్నీ తప్పు. ఆ సగం నిజాన్ని దాచను, దాని దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

ముందు "రెండు నంబర్లూ ఒకటే" అన్న మాట చూద్దాం. కాదు. బ్యాడ్జ్ నంబర్ మనల్ని పనిలో పెట్టుకున్న సర్వీసుది. ఉద్యోగం మానేస్తే బ్యాడ్జ్‌తో పాటు తిరిగి ఇచ్చేయాలి. సర్టిఫికేషన్ నంబర్ మనిషిది. ఉద్యోగం మారినా, ఊరు మారినా మనతోనే వస్తుంది. అమెరికాలో ఇంకో మెట్టు కూడా ఉంది. 1970లో మొదలైన నేషనల్ రిజిస్ట్రీ అనే దేశవ్యాప్త సంస్థ పరీక్ష పెట్టి సర్టిఫికేషన్ ఇస్తుంది. అది చేతిలో ఉన్నంత మాత్రాన రోగిని ముట్టుకునే హక్కు రాదు. లైసెన్స్ రాష్ట్రం ఇవ్వాలి. బ్రిటన్‌లో పద్ధతి వేరు. హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు లేకుండా ఎవరైనా తనను తాను పారామెడిక్ అని చెప్పుకుంటే అది చట్టరీత్యా నేరం. ఆ రిజిస్టర్‌ను ఎవరైనా తెరిచి వెతుక్కోవచ్చు. ఉత్త ఆఫీసు లెక్క కోసమైతే దానికి చట్టం దాకా వెళ్లే అవసరమేముంది?

"ఒకసారి పాసైతే జీవితాంతం." ఈ మాట రాసినవాళ్లకు మా రెన్యువల్ టెన్షన్ ఎలా ఉంటుందో తెలియదు. నేషనల్ రిజిస్ట్రీ సర్టిఫికేషన్ రెండేళ్లే చెల్లుతుంది. గడువు లోపల ఈఎంటీ 40 గంటల, పారామెడిక్ 60 గంటల శిక్షణ చూపించాలి, లేదంటే మళ్లీ పరీక్ష రాయాలి. రాత్రి డ్యూటీ దిగి, కళ్లు మండుతుంటే, పసిపిల్లల మందుల డోసుల క్లాసులో కూర్చున్న రోజులు నాకు బాగా గుర్తు. ఎందుకింత పట్టుదల అంటే, మాకు నేర్పిన విషయాలే మారిపోతుంటాయి. గుండె ఆగిన మనిషికి ముందు గాలిదారి, తర్వాత శ్వాస, ఆ తర్వాత ఛాతీ నొక్కడం అని ఒకప్పుడు నేర్పేవారు. 2010లో ఆ వరస మారింది. ముందు ఛాతీ నొక్కడమే మొదలుపెట్టాలి అన్నారు. 2005లో పాసై మళ్లీ పుస్తకం తెరవని మనిషి ఎంత మంచివాడైనా ఆ పాత వరసే పట్టుకుని ఉంటాడు. ఆ కొన్ని సెకన్ల ఆలస్యం ఎవరి ఇంట్లో పడుతుందో ముందుగా ఎవరికీ తెలియదు.

క్లాసులకు వెళ్లకుండానే వెళ్లినట్టు సంతకాలు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. 2010లో మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాల్లో దాదాపు 200 మంది అలా బయటపడ్డారు. ఆ వార్త చదివిన రోజు నాకు కోపం కన్నా సిగ్గు ఎక్కువ కలిగింది. కార్డు మీద వాళ్ల నంబరూ నా నంబరూ ఒకేలా కనిపిస్తాయి మరి. కానీ వాళ్లను పట్టుకోవడానికి పనికొచ్చిందీ ఆ కాగితాల లెక్కే. ఫలానా మనిషి, ఫలానా తేదీ, ఫలానా క్లాసు అని ఒక లెక్క ఉంది కాబట్టే అబద్ధం అబద్ధంగా తేలింది.

ఇక "ప్రాణం నిలబెట్టేది అనుభవం, కాగితం కాదు" అన్న మాట. వినడానికి బాగుంటుంది, అందుకే ఎక్కువ మంది దీన్నే ముందుకు పంపుతున్నారు. నేను చెప్పిన సగం నిజం కూడా ఇక్కడే ఉంది.

కాగితం లేని రోజులు ఎలా ఉండేవో రికార్డుల్లో ఉంది. 1966లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ దేశపు అంబులెన్స్ సర్వీసుల్లో సుమారు సగం అంత్యక్రియలు జరిపించే సంస్థలే నడిపేవి. కారణం ఒక్కటే, మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్లే బండి వాళ్ల దగ్గర ఉంది. వాళ్లకు అనుభవం లేదనగలమా? ఏళ్ల తరబడి రోడ్ల మీద ఉన్నవాళ్లే. కానీ బండితో వచ్చిన మనిషికి రక్తం ఆపడం వచ్చో రాదో చెప్పే గుర్తు ఏదీ లేదు.

ఆ మరుసటి ఏడాది, 1967లో, పిట్స్‌బర్గ్‌లో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ సర్వీసు మొదలైంది. పనిలేక తిరుగుతున్న నల్లజాతి యువకులను తీసుకుని, డాక్టర్ పీటర్ సాఫార్ ఆధ్వర్యంలో వాళ్లకు పారామెడిక్ శిక్షణ ఇచ్చారు. అప్పట్లో అంత లోతైన శిక్షణ చాలా అరుదు. 1975లో నగరం సొంత సర్వీసు పెట్టుకుని ఫ్రీడమ్ హౌస్‌ను మూసేసింది. అక్కడ పనిచేసినవాళ్లలో చాలామందిని కొత్త పరీక్షలు, కొత్త నిబంధనలు చూపించి పక్కకు తోసేశారు. ఏళ్ల తరబడి ప్రాణాలు కాపాడిన చేతులకు "మీరు అర్హులు కారు" అన్నారు. కాబట్టి అర్హత పేరుతో మనుషులను గేటు బయట నిలబెట్టవచ్చన్నది నిజం. దాన్ని నేను కాదనను, ఇప్పటికీ అది తలచుకుంటే బాధగానే ఉంటుంది.

కానీ కథ అక్కడితో ఆగలేదు. ఆ సర్వీసుకు వైద్య పర్యవేక్షణ చేసిన డాక్టర్ నాన్సీ కెరొలైన్ అక్కడి అనుభవంతో రాసిన పాఠ్యప్రణాళికే తర్వాత దేశమంతటా పారామెడిక్ శిక్షణకు ఆధారమైంది. ఈరోజు పరీక్ష రాసి నంబర్ తెచ్చుకునే ప్రతి కుర్రాడూ తెలిసో తెలియకో ఆ వీధుల్లో వాళ్లు నేర్చుకున్నదే నేర్చుకుంటున్నాడు. వాళ్ల అనుభవమే ఇప్పుడు మా కాగితంలో ఉంది. ఆ రెండింటికీ తగాదా పెట్టడం ఎందుకు?

"గొప్పగా చెప్పుకోవడానికే" అన్న మాటకు నా దగ్గర ఒక సిరంజి ఉంది జవాబుగా. మార్ఫిన్ నొప్పి తగ్గించే మందు, మత్తుకు దానికి అలవాటు పడేవాళ్లూ ఉంటారు. దాని చిన్న సీసాలో 10 మిల్లీగ్రాములు ఉంటాయనుకోండి. తొడ ఎముక విరిగిన మనిషికి 4 ఇచ్చాను. మిగిలిన 6 జేబులో వేసుకోవడానికి లేదు, తర్వాత వాడదామని దాచడానికీ లేదు. సాక్షి కళ్ల ముందు సిరంజి పైకెత్తి, గీత ఎక్కడుందో ఇద్దరం చూసి, పారబోయాలి. రిజిస్టర్‌లో ఇచ్చిందెంత, పారబోసిందెంత, టైమెంత రాయాలి. కింద ఇద్దరి సంతకాలు, పక్కన నంబర్లు. ఒక మిల్లీగ్రాము లెక్క తేలకపోతే షిఫ్ట్ అయిపోయినా ఇంటికి వెళ్లలేం. ఆ గడిలో నంబర్ వేసేటప్పుడు నాకు గొప్పగా ఎప్పుడూ అనిపించలేదు. చేయి ఒక్క క్షణం ఆగుతుంది, లెక్క మళ్లీ చూసుకుంటాను. రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పాల్సింది నేనే.

బ్యాడ్జ్ నంబర్ మీద మాకు మమకారం ఉన్నమాట నిజమే. సర్వీసులో ముందు చేరినవాళ్లవి చిన్న నంబర్లు. మూడంకెల నంబర్‌వాళ్ల మధ్య రెండంకెల మనిషి వస్తే కుర్చీ వదిలి లేచేవాళ్లను చూశాను. దాన్ని అహంకారం అనేవాళ్లు ఒక్కసారి లాస్ట్ కాల్ వినాలి. డ్యూటీలో ఎవరైనా పోతే అమెరికాలో చాలా సర్వీసుల్లో ఇలా చేస్తారు. బండ్లను పంపే డిస్పాచర్ రేడియోలో ఆ మనిషి నంబర్ పిలుస్తారు. జవాబు రాదు. మళ్లీ పిలుస్తారు. మూడోసారి కూడా పిలిచి, కాసేపు ఆగి, డ్యూటీ ముగిసిందని ప్రకటిస్తారు. కొన్ని చోట్ల ఆ నంబర్ ఇక ఎవరికీ ఇవ్వరు. రేడియోలో రోజూ విసుగ్గా "చెప్పండి" అని పలికే గొంతు ఆ రోజు పలకదు.

చివరిది, "రోగికి వాటితో పనేమీ లేదు." ఒక పెద్దాయనను స్ట్రెచర్ మీద బండి ఎక్కిస్తుంటే ఆయన కూతురు నా కార్డు పట్టుకుని నంబర్ రాసుకుంది. "అమ్మా, కాస్త పక్కకు జరగండి" అన్నాను కొంచెం కటువుగానే. అనుమానిస్తోందేమో అనుకున్నాను. మూడు వారాల తర్వాత ఆమె మా ఆఫీసుకు ఫోన్ చేసి ఆ నంబర్ చెప్పింది. ఆ రాత్రి బండిలో ఇచ్చిన మందు ఏదో కావాలట. ఆస్పత్రిలో ఆయనకు ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, ఏ మందు పడలేదో అక్కడి డాక్టర్లకు తేలలేదు. నేను రాసిన రిపోర్ట్ తీశారు. మందు పేరు, ఇచ్చిన టైము, డోసు అన్నీ ఉన్నాయి. ఆ మందు పడదన్న సంగతి ఇప్పుడు ఆయన ఫైలు మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఉందని ఆమే చెప్పింది.

అప్పటి నుంచి బండి ఎక్కించగానే నా పేరు, నంబర్ నేనే చెబుతున్నాను. రాసుకోవడానికి పెన్ను కూడా ఇస్తున్నాను.