సీమ రోగి మూలుగకు దారి హైదరాబాదేనా?

రక్త క్యాన్సర్ అని తెలియగానే ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే: మందు ఉందా? ఏ మందో తేల్చడానికి మైక్రోస్కోపులో కణాల ఆకారం చూస్తే సరిపోదు, క్రోమోజోములు కూడా చూడాలి. ఆ పరీక్ష కోసం రాయలసీమ రోగి ఎముక మూలుగ హైదరాబాద్ దారి పట్టాల్సి వస్తోంది.

సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్ రోగుల కణాల్లో పొట్టి క్రోమోజోము ఒకటి ఉందని 1960లో కనిపెట్టారు. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారు కావడమే అందుకు కారణమని 1973లో అమెరికా శాస్త్రవేత్త జానెట్ రౌలీ తేల్చారు. ఆ తారుమారులో పుట్టి క్యాన్సర్‌ను పెంచే బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రొటీన్‌కు గురిపెట్టి చేసిన మాత్రే ఇమాటినిబ్. 2013లో సుప్రీంకోర్టు దాని పేటెంటును నిరాకరించాక చౌక జనరిక్‌లకు అడ్డు లేకుండా పోయింది. ఏపీఎల్ అనే మరో రక్త క్యాన్సర్‌లో 15, 17 క్రోమోజోములు తారుమారవుతాయి. రక్తస్రావంతో రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. సకాలంలో గుర్తించి ఆట్రా, ఆర్సెనిక్ మందులు ఇస్తే ఎక్కువమంది పూర్తిగా కోలుకుంటారు. ఇక్కడ ఆలస్యమంటే చావే.

జిల్లాల్లో కేసులు తక్కువ, ఈ పరీక్షలకు అక్కడ ల్యాబ్ దండగ, శాంపిల్ హైదరాబాద్‌కు కొరియర్‌లో పంపితే చాలదా అని కొందరంటారు. జన్యువుల్లో మార్పును వెతికే పీసీఆర్ పరీక్ష వరకు ఆ మాట కొంత నిజమే.

క్రోమోజోములను నేరుగా చూసే కార్యోటైప్ పరీక్ష సంగతి వేరు. దానికి బతికున్న కణాలు కావాలి. తుంటి ఎముకలోంచి తీసిన మూలుగను గడ్డకట్టనివ్వని హెపారిన్ ట్యూబులో పోసి, వీలైతే ఒక్క రోజులోనే కల్చర్‌లో, అంటే కణాలు పెరిగే ద్రవంలో పెట్టాలి. ఆ కణాలు ఒకటి రెండుగా విడిపోతున్నప్పుడే క్రోమోజోములు కనబడతాయి. కర్నూలు నుంచి హైదరాబాద్ నాలుగు గంటల దారే, కాదనను. కానీ శాంపిల్ నేరుగా వెళ్లదు. కలెక్షన్ సెంటర్లో ఆగుతుంది, కొరియర్ బ్యాగు కోసం ఆగుతుంది, శనివారం తీస్తే సోమవారం దాకా ఆగుతుంది. మే నెల ఎండలో అంతసేపు ఉంటే కణాలు ఏం మిగులుతాయి? 'కణాలు పెరగలేదు' అని రిపోర్టు వస్తుంది. మళ్లీ అదే తుంటిలో సూది, మళ్లీ అదే నొప్పి, మళ్లీ వేల రూపాయల ఖర్చు.

సీమకు ఇది కొత్త కాదు. 1937లో సీమకు న్యాయం చేయాలని కోస్తా నాయకులతో శ్రీబాగ్ ఒప్పందం రాసుకున్నాం. 1953లో కర్నూలుకు వచ్చిన రాజధాని మూడేళ్లకే హైదరాబాద్ వెళ్లిపోయింది. కర్నూలుకు మెడికల్ కాలేజీ 1957లో వచ్చింది, తర్వాత రాష్ట్ర క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కూడా వచ్చింది. మాకు భవనాలు ఇస్తారు, వాటిలో జరగాల్సిన పని మాత్రం పక్క ఊరికి పోతుంది.

ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే పూర్తిస్థాయి సైటోజెనెటిక్స్ (క్రోమోజోముల పరీక్ష) ల్యాబ్ నడవాలి. శిక్షణ ఉన్న టెక్నీషియన్లను పర్మనెంటుగా తీసుకోవాలి. అనంతపురం పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో పొద్దున తీసిన మూలుగ ప్రభుత్వ వాహనంలో సాయంత్రానికి కర్నూలు చేరాలి. పరీక్షకు రోగి దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదు.